షుగర్ ఫ్రీ పొట్లం మీద రాయని మాట

మన హైటెక్ సిటీ ఆఫీసుల్లో ప్యాంట్రీ అనగానే కాఫీ మిషను, పక్కన రెండు రకాల పొట్లాలు. పంచదారవి, షుగర్ ఫ్రీవి. టీములో ఎవరైనా అమ్మాయి కడుపుతో ఉందని తెలియగానే అందరూ డాక్టర్లయిపోతారు కదా, బొప్పాయి ముట్టుకోకు, మెట్లెక్కకు అంటూ. అదే అమ్మాయి షుగర్ ఫ్రీ పొట్లం చింపి కాఫీలో వేసుకుంటే మాత్రం "గుడ్, హెల్దీ" అని మెచ్చుకుంటారు. నా గొడవంతా ఆ మెప్పుతోనే.

ముందే చెప్తున్నా, ఇది విషమని ఫార్వార్డులు పంపే బ్యాచి కాదు నేను. 2023 జులైలో ఆస్పర్టేమ్‌ని "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బి జాబితాలో చేర్చారని వాట్సాప్ ఊగిపోయింది. అదే రోజు ఇంకో నిపుణుల కమిటీ, రోజుకి కిలో బరువుకి 40 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని అలాగే ఉంచిందని ఎవడూ ఫార్వార్డు చెయ్యలేదు. 55 కిలోల మనిషికి అది 2,200 మి.గ్రా. డైట్ కోలా డబ్బాలో 200 నుంచి 300 ఉంటుందనుకుంటే రోజుకి ఏడు నుంచి పదకొండు డబ్బాలు. పైగా ఆస్పర్టేమ్ పేగుల్లోనే ముక్కలైపోతుంది, ఆ రూపంలో బిడ్డ దాకా పోదు. ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి అసలే కూడదు.

మిగతావి అలా కాదు. శాక్రిన్ మాయని దాటుతుంది. (పుల్లైసులో వేస్తారని ఇంట్లో కొననిచ్చేవాళ్ళు కాదే, అదే శాక్రిన్.) 2015లో అమెరికాలో 20 మంది పాలిచ్చే తల్లుల పాలు పరీక్షిస్తే 13 మంది పాలలో శాక్రిన్, సుక్రలోజ్, ఎసిసల్ఫేమ్ లాంటివి కనబడ్డాయి. మోతాదు చిన్నదే కావచ్చు, కానీ తల్లి కాఫీలో వేసుకున్నది చంటిబిడ్డ నోట్లోకీ వెళ్తోంది.

ఇప్పుడు డబ్బా వెనక్కి తిప్పండి. "పిల్లలకు సిఫారసు చేయడం లేదు" అని ఇంగ్లీషులో చీమల బారులా ఉంటుంది. 2011 నాటి లేబుల్ నిబంధనల్లోనే ఆ వాక్యం ఉంది. అదే నిబంధనలో గర్భిణుల ఊసు లేదు. ఎనర్జీ డ్రింకు మీద మాత్రం కెఫీన్ ఉంది కాబట్టి గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ వద్దని రాయాలట! ఐదేళ్ళ పిల్లాడికి వద్దన్నది ఐదు నెలల బిడ్డకి పాలలో వెళ్తే పరవాలేదా? ఏ లాజిక్కు ఇది?

2010లో డెన్మార్కులో 59,334 మంది గర్భిణుల వివరాలు చూస్తే, రోజూ కృత్రిమ తీపి కూల్‌డ్రింకు తాగేవాళ్ళలో నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం 38 శాతం ఎక్కువ కనబడింది. 2016లో కెనడాలో మూడువేల పైచిలుకు తల్లీబిడ్డల్ని చూస్తే, రోజూ తాగిన తల్లుల పిల్లలు ఏడాదికల్లా అధిక బరువుండే అవకాశం రెట్టింపు. కోరిలేషన్ వేరు, కాజేషన్ వేరు, నాకూ తెలుసు. లావుగా ఉన్నవాళ్ళే డైట్ డ్రింకులకి మళ్ళి ఉండొచ్చు. అయితే కోడు ప్రొడక్షన్లోకి పంపేటప్పుడు "బగ్ ఉందని నువ్వు నిరూపించు" అంటామా, టెస్టు చేశావా అని అడుగుతామా? బరువు తగ్గడానికి ఇవి వాడొద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది, ముందునించీ మధుమేహం ఉన్నవాళ్ళని మినహాయించి.

అసలు నష్టం ఇంకోచోట జరుగుతోంది. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత చూస్తే షుగరు 140 దాటిందంటారు. అమ్మాయి పంచదార మానేసి పొట్లాల్లోకి దిగుతుంది, మధ్యాహ్నం కెఫెటేరియాలో పళ్ళెం నిండా తెల్లన్నం అలాగే ఉంటుంది. సాయంత్రం "నో యాడెడ్ షుగర్" మైదా బిస్కెట్లు. పొట్లం వాడా కదా అన్న ధీమాతో అసలు పని వాయిదా పడుతుంది. ఆ పళ్ళెం గురించి డాక్టరుతో, డైటీషియన్‌తో మాట్లాడాలి.

లేబుల్ మీద పోట్లాడితే ఏమొస్తుంది అంటారా? మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి డ్రింకుల మీద ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో, అసలు ఫార్ములా కాని వాటి మీద ఆ పేరు ఉండకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది.

మన కెఫెటేరియాలో "గిల్ట్ ఫ్రీ" డెజర్ట్ కౌంటరు ఉందిగా? అందులో ఏ స్వీటెనర్ వేశారో బోర్డు పెట్టమని అడ్మిన్‌కి టికెట్ వెయ్యండి. 26 వారాల సెలవు అయ్యాక పాలు పిండుకోడానికి గది వెతుక్కుంటున్న తల్లులున్న ఆఫీసు అది. వెల్‌నెస్ వీక్ అని నెలకో మెయిలు పంపే హెచ్చార్ వాళ్ళకి ఒక బోర్డు ఎంత పని?