గది మోగుతుంటే పెట్టెను తిట్టడమెందుకు?

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా హోం థియేటర్ పెట్టుకున్న ఇంట్లో బేస్ గుమ్మని మూలుగుతోందంటే చాలు, సలహాలు సిద్ధంగా ఉంటాయి. ఇంకా పెద్ద సబ్ వూఫర్ కొనమంటారు, లేదా గోడల నిండా ఫోమ్ అంటించమంటారు. ఖర్చుకు వెనకాడేవారికి కోడిగుడ్ల అట్టలు చూపిస్తారు. దోషం స్పీకరు పెట్టెలోనో, గోడ పైపూతలోనో ఉందన్న నమ్మకమే వీటన్నిటికీ మూలం. అసలు దోషం గది కొలతల్లోనూ, పెట్టెకూ సోఫాకూ మనం ఎంచుకున్న చోటులోనూ ఉంది. బొబ్బిలి వీణ పుట్టిన సీమలో ఇది వింత మాట కాకూడదు. పనస దుంగలో తొలిచిన బోలు భాగమే తీగ నాదాన్ని పెంచుతుందని ఇక్కడివారికి ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే దాన్ని నాదం కోసం తొలుస్తారు, గదిని మంచం, బీరువా పట్టేలా కడతారు.

లెక్క చూద్దాం. మన ఎండలకు గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 349 మీటర్లు పోతుంది. 12 అడుగుల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య మొదటి అనునాదం సుమారు 48 హెర్ట్జ్ దగ్గర పుడుతుంది. వెడల్పు 10 అడుగులు, స్లాబు ఎత్తూ 10 అడుగులే అయితే ఆ రెంటి అనునాదాలూ 57 దగ్గర ఒకదానిపై ఒకటి పడతాయి. పెట్టె ఎంత ఖరీదైనదైనా ఆ స్వరాలు ఉబ్బుతాయి. పాత పెంకుటిళ్లలో, తాటాకు చుట్టిళ్లలో ఈ బాధ తక్కువ. సందుల్లోంచీ కప్పులోంచీ బేస్ బయటికి పోయేది. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానును చూసినవారెవరూ స్లాబు వద్దనరు, అనకూడదు కూడా. కానీ ఇటుక, కాంక్రీటు బేస్‌ను మింగవు, తిప్పికొడతాయి. చెక్క చట్రానికి జిప్సం పలక కొట్టిన అమెరికా గోడ కొంచెం అదిరి కొంత మింగుతుంది. అక్కడి గదుల కోసం చెప్పిన సలహాను ఇక్కడ యథాతథంగా దించుకోవడం అందుకే పొరపాటు.

48 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 24 అడుగులు. గోడకంటిన అంగుళం ఫోమ్‌ను ఆ అల లెక్కచేయదు. ఫోమ్ మింగేది పై స్వరాలను; అవి తగ్గాక మిగిలిన గుమగుమ మరింత కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది. అంటే డబ్బిచ్చి రోగం పెంచుకోవడమే. గుడ్ల అట్ట సంగతి చెప్పనే అక్కర్లేదు. పీల్చే పదార్థమే కావాలనుకుంటే అడుగు మందాన, మూలల్లో, నేల నుంచి పైకప్పు దాకా నింపాలి. రాతి ఉన్నితో నింపి, ఈ జిల్లాల్లో కొత్తకాని జనపనార గోనెగుడ్డ తొడిగితే సరిపోతుంది. గాలి ఆడే గుడ్డ కావడమే ముఖ్యం.

ఆటోమేటిక్ ఈక్వలైజర్ ఉందిగా అంటారు. ఉబ్బిన స్వరాన్ని ఒక కుర్చీ దగ్గర అది బాగానే తగ్గిస్తుంది, ఒప్పుకోవాలి. కానీ గది సరిగ్గా నడిమధ్య ఆ 48 దాదాపు మాయమవుతుంది. అక్కడ ఎంత పెంచినా ఆంప్లిఫయర్‌కు శ్రమే తప్ప చెవికి దక్కేదేమీ లేదు. మన ఇళ్లలో సోఫాను వెనక గోడకు ఆనిస్తాం, సబ్‌ను మూలకు నెడతాం. బేస్ అతిగా ఉబ్బే చోట్లు ఆ రెండే. సోఫాను రెండు మూడడుగులు ముందుకు జరపడానికి రూపాయి ఖర్చు కాదు. సబ్‌ను కాసేపు సోఫా మీద పెట్టి, పాట వేసి, గది చుట్టూ వంగి నడుస్తూ వింటే, బేస్ సమంగా వినిపించిన చోటే దాని స్థానం. ఇంకా డబ్బుంటే ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి కొని, ఎదురెదురు గోడల్లో ఒక్కోదాని నడిమిన ఒకటి చొప్పున పెట్టాలి. ఆ గోడల మధ్య పుట్టే మొదటి అనునాదాన్ని అవి రద్దు చేస్తాయి. 2002లో హార్మన్ సంస్థకు చెందిన టాడ్ వెల్టి దీర్ఘచతురస్రపు గదులపై చేసిన పరిశోధన కూడా ఈ అమరికనే సమర్థించింది.

సినిమాకు గుండె అదిరే దెబ్బే కావాలి, ఈ లెక్కలు ఎవరికి అంటారు మరికొందరు. దెబ్బ కావలసినవారికే ఇవి ఎక్కువ అవసరం. మొదటి దెబ్బ మోత చావకముందే రెండోది పడితే వినిపించేది దెబ్బ కాదు, మాటలను కూడా మింగేసే ఒకే రొద.