మేం వాళ్ళం కాదండీ!

2025 జూన్‌లో ఇరాన్ మీద అమెరికా బాంబులు వేసిన వారమది. మా చిన్న ఊళ్ళో నాకు జుట్టు కత్తిరించే పెద్దాయన "మీది ఏ దేశం?" అనడిగాడు. మామూలుగానే అడిగాడు పాపం. నేను మాత్రం గబగబా "ఇండియా. ఇరాన్ కాదు లెండి" అన్నాను. ఇంటికొచ్చేదాకా ఆ తోకే నన్ను పీకుతూ వచ్చింది. ఎందుకు తగిలించానూ అని.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో, ఆఫీసయ్యాక స్నేహితుడితో బారులో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు కాల్చి చంపాడు. ఇరానీయులనుకున్నాడట! "అయ్యో, పొరపాటున చంపేశాడు" అనుకున్నాం నేనూ, నా స్నేహితులూ. పొరపాటేమిటి? నిజంగా ఇరానీయుడే అయ్యుంటే చంపొచ్చా? 2001 సెప్టెంబరు 15న అరిజోనాలోని మెసాలో బల్బీర్ సింగ్ సోధీని చంపినప్పుడూ "సిక్కు కదా, ముస్లిం కాదే" అన్న మాటే వినిపించింది. "నేను వాడిని కాదు" అంటే, "వాడినైతే కానివ్వండి" అని ఒప్పుకున్నట్టే కదా!

ఆ రాత్రి బారులో ఇయాన్ గ్రిల్లట్ అనే 24 ఏళ్ళ కుర్రాడు హంతకుణ్ణి ఆపబోయి తూటా దెబ్బ తిన్నాడు. వాళ్ళు ఎక్కడివాళ్ళైనా ఒకటే, అందరం మనుషులమేగా అన్నాడు తర్వాత. పక్కవాడి దేశమేదో తేలాక కాదు అతను లేచింది.

ఈసారి ఆ పెద్దాయన అడిగితే ఇండియా అనే చెప్తాను. చెప్పకేం? తోక మాత్రం ఉండదు.