ఆడలేక ర్యామ్ ఓడు

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ టైమ్‌లో నేను మా టీమ్‌మేట్ మీద అన్యాయంగా నోరు పారేసుకున్నాను. తప్పు వాడి లాప్‌టాప్‌ది కాదు, నా కోడ్‌ది. మనలో చాలామంది ఇదే తప్పు చేస్తున్నారని నా అనుమానం. అందుకే రాస్తున్నా.

మా ప్రాజెక్ట్ సింపులే. మోటార్‌కి పెట్టిన టెంపరేచర్ సెన్సర్ సెకనుకి 10 రీడింగ్‌లు పంపిస్తుంది. పైథాన్‌లో టికింటర్ విండో, అందులో మ్యాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫ్. సెకనుకోసారి గీత ముందుకి కదలాలి. నా 16 జీబీ లాప్‌టాప్‌లో పది నిమిషాలు నడిపి, అదిరింది అనుకున్నాం. రివ్యూ ముందు రోజు మావాడి 4 జీబీ లాప్‌టాప్‌లో పెడితే అరగంటకి మౌస్ కూడా కదల్లేదు. "ముందు ఆ డబ్బా మార్చరా" అన్నాను, అందరి ముందూ. అది వాళ్ళక్క వాడి ఇచ్చిన లాప్‌టాప్. కొత్తది కొనే పరిస్థితి లేదని నాకు తెలుసు కూడా. వాడేమీ మాట్లాడలేదు.

ఆ రాత్రి కోడ్ మళ్ళీ చదివాను. సెకనుకోసారి ప్లాట్ ఫంక్షన్‌ని పిలుస్తున్నా. అది ఉన్న గీతనే పొడిగిస్తుందని నా నమ్మకం. నిజానికి అది ప్రతిసారీ మొదటి నుంచి ఉన్న డేటా మొత్తంతో ఇంకో కొత్త గీత తయారు చేస్తుంది. పాత గీతలు ఎక్కడికీ పోవు, కిందే ఉంటాయి. అన్నిటికీ నీలం రంగే ఇచ్చాను కాబట్టి కంటికి ఒక్కటే కనిపించింది.

లెక్క వేయండి. గంటకి 3,600 గీతలు. మనకి కావాల్సిన పాయింట్లు 36,000. మెమరీలో ఉన్నవి సుమారు 6 కోట్ల 48 లక్షలు! ఒక్కో పాయింట్‌కి ఎక్స్, వై కలిపి 16 బైట్లే అనుకున్నా 1 జీబీ దాటిపోతుంది. ఇక్కడ ర్యామ్ రెట్టింపు చేసినా యాప్ రెట్టింపు టైమ్ బతకదు, సుమారు 1.4 రెట్లే బతుకుతుంది. ఎందుకంటే మెమరీ టైమ్‌తో కాదు, టైమ్ స్క్వేర్‌తో పెరుగుతోంది.

మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ని తిట్టినా లాభం లేదు. పైప్లాట్‌తో 20కి మించి ఫిగర్‌లు తెరిచి ఉంచితే అదే వార్నింగ్ ఇస్తుంది. కానీ ఒకే గ్రాఫ్‌లో వంద గీతలు నిజంగా కావాల్సినవాళ్ళు ఉంటారు. మనకి కావాలో వద్దో దానికెలా తెలుస్తుంది?

సరిచేయడానికి పది లైన్లు కూడా పట్టలేదు. గీతని మొదట్లో ఒక్కసారే గీసి ఒక వేరియబుల్‌లో పెట్టుకున్నా. తర్వాత సెట్ డేటాతో అందులో విలువలు మార్చి, డ్రా ఐడిల్ పిలవడమే. యాక్సిస్ లిమిట్స్ మాత్రం మనమే జరుపుకోవాలి. డేటా కోసం లిస్ట్ తీసేసి, మ్యాక్స్‌లెన్ 600 పెట్టిన డెక్ వాడాను. కొత్త రీడింగ్ వస్తే పాతది దానంతటదే బయటికి పోతుంది. స్క్రీన్ మీద చివరి నిమిషం చాలు. మొత్తం చరిత్ర కావాలంటే సీఎస్‌వీ ఫైల్లో ఉంటుంది. అదే 4 జీబీ లాప్‌టాప్‌లో రాత్రంతా నడిచింది, మెమరీ పెరగలేదు.

"ఈ రోజుల్లో 4 జీబీ ఎవరు వాడుతున్నారు?" అని అడగొచ్చు. మన క్లాస్‌లోనే వాడుతున్నారు, చుట్టూ చూడండి. నా 16 జీబీ చేసిన మేలు ఏంటంటే, నా తప్పుని నాకు కనబడకుండా దాచింది. వాడి లాప్‌టాప్ దాన్ని అరగంటలో పట్టించింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను మద్దెలని తిట్టాను.

అందుకే నా మాట ఒకటే: రివ్యూకి ముందు టీమ్‌లో అందరికంటే పాత లాప్‌టాప్‌లో ఒక గంట నడపండి. పది నిమిషాల డెమో ఏమీ నిరూపించదు.

మావాడికి సారీ చెప్పాను. "సరే గానీ, రివ్యూలో ఆ డెక్ సంగతి నేనే చెప్తా" అన్నాడు. చెప్పాడు, నాకంటే బాగా.