ప్రవేశవ్యాసాల భాష

అమెరికా కళాశాలలో చేరగోరే విద్యార్థి మార్కుల పట్టికలతోపాటు తన్ను గూర్చి తానే ఒక వ్యాసం వ్రాసి పంపవలసి ఉంటుంది. వేయికి పైగా కళాశాలలు అంగీకరించే 'కామన్ అప్లికేషన్' అనే ఉమ్మడి దరఖాస్తులో ఆ వ్యాసం 250 మాటలకు తగ్గరాదు, 650కి మించరాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎనిమిది ప్రశ్నలిచ్చి నాలుగింటికి సమాధానాలు కోరుతుంది. ఒక్కొక్కటి 350 మాటలలో ముగియవలె. బ్రిటనులో ఒకే వ్యాసంగా ఉండినదానిని 2026 ప్రవేశాల నుండి మూడు ప్రశ్నలుగా విడదీశారు. పద్ధతి ఏదైనా, అంకెలలో కనబడని మనిషిని మాటలలో చూడాలన్నదే ఉద్దేశం. తెలుగునాట నుండి ఏటా వేలకొలది విద్యార్థులు ఈ పరీక్షకు నిలుస్తున్నారు. వారిలో చాలమంది తడబడేది ఇంగ్లీషు రాక కాదు. రానంత ఇంగ్లీషు వచ్చినట్లు కనబడాలన్న తాపత్రయం వల్ల.

వ్యాసానికి కూర్చోగానే విద్యార్థి మొదట తన సొంత మాటలను విడిచిపెడతాడు. 'ఎక్కువ' అనవలసినచోట 'ప్లెథోరా' అంటాడు. ఆ మాటలో అక్కరకు మించి పేరుకొన్నదన్న ధ్వని ఉన్నదనీ, తనకు నైపుణ్యాల ప్లెథోరా ఉన్నదంటే చదివేవారికి నవ్వు వస్తుందనీ పర్యాయపదాల పట్టిక చెప్పదు. 'యూజ్' చాలినచోట 'యుటిలైజ్' వస్తుంది. ఇక 'చిన్ననాటి నుండి నాకు కంప్యూటర్లంటే ఎనలేని మక్కువ' అనే మొదటి వాక్యం ఎందరు వ్రాశారంటే, ఇప్పుడు ఎవరు వ్రాసినా అది ఎవరిదీ కాదు.

ఈ జాడ్యం తెలుగువారికి కొత్త కాదు. విద్యార్థి ఏ భాషలో వ్యాసం వ్రాయవలెనన్న వివాదం మద్రాసు విశ్వవిద్యాలయంలో నూరేళ్ళకు ముందే చెలరేగింది. గ్రాంథికమే ఉండాలన్న పక్షానికి తలవంచక గురజాడ అప్పారావు 1914లో తమ అసమ్మతి పత్రం వ్రాశారు. గిడుగు రామమూర్తి 1933లో వెలువరించిన 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము'లో, గ్రాంథికం కోసం పట్టుబట్టిన పండితుల రచనలలోనే గ్రాంథిక వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలను ఏరి చూపారు. నోట పలకని భాషలో కలం నడిపితే పండితుడికే కాలు జారింది. పదిహేడేళ్ళ పిల్లవానికి జారదా?

ఈ వ్యాసాలలో కనబడే వ్యాకరణ దోషాలు రెండు తెగలు. కొన్ని తెలుగు నుడికారం ఇంగ్లీషులోకి దొర్లడం వల్ల వచ్చినవి. 'ఎ', 'ది' వంటి ఉపపదాలు తెలుగులో లేవు గనుక ఉండవలసిన చోట మాయమై, అక్కరలేని చోట ప్రత్యక్షమవుతాయి. 'దానిని గురించి చర్చించాము' అనే అలవాటు వల్ల 'డిస్కస్' వెంట 'అబౌట్' వచ్చి చేరుతుంది. 'ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్' సంగతి అందరెరిగినదే. గతంలో ఒక పనికంటె ముందు జరిగిన పనిని చెప్పడానికి ఉన్న 'హాడ్'ను, గతం అనగానే ప్రతి క్రియకూ తగిలించడం మరొకటి. ఇవి దిద్దడం ఒక పూట పని.

రెండవ తెగవి వాక్యానికి దర్పం తేబోయి తెచ్చుకొన్నవి. ఇవి అంత సులువుగా వదలవు. 'వాకింగ్ టు స్కూల్, ది రెయిన్ స్టార్టెడ్' అని వ్రాస్తాడు విద్యార్థి. అదే తెలుగులో 'బడికి నడుస్తూ వాన మొదలయింది' అంటే, ఆరవ తరగతి పిల్లవాడు కూడా వాన బడికి నడిచిందా అని పకపక నవ్వుతాడు. 'నడుస్తుండగా' అని తానే దిద్దుతాడు. శత్రర్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒకటే కావాలన్న సంగతి అతడికి తెలుగు తరగతిలో చెప్పినదే. పక్క గదిలో ఇంగ్లీషు తరగతి మొదలు కాగానే మరచిపోతాడు. కర్మణి ప్రయోగమూ ఇంతే. 'నాచేత అన్నం తినబడింది' అని ఏ ఇంట్లో ఎవరంటారు? అయినా వ్యాసంలో సంఘాలు 'స్థాపించబడతాయి', ప్రాజెక్టులు 'పూర్తి చేయబడతాయి', నిధులు 'సేకరించబడతాయి'. చేసినవాడు తానా, జట్టులో మరొకడా, వాళ్ళ అన్నగారా అన్నది తేలదు. తన్ను గూర్చి చెప్పమని అడిగితే కర్తనే దాచిన వ్యాసం అది. ఇంగ్లీషు వ్యాసానికి తెలుగు పంతులుగారు అక్కరకు రారనుకోవడం పొరపాటు; కర్త ఎక్కడ అని అడగడంలో వారిని మించినవారు లేరు.

రైతు ఇంటి పిల్లవాడొకడు ఎలక్ట్రికల్ ఇంజనీరింగుకు దరఖాస్తు పెడుతున్నాడనుకొందాం. 'విద్యుత్ శాస్త్రం పట్ల నాకు ప్రగాఢమైన అభినివేశం ఉన్నది' అన్న వాక్యంలో వ్యాకరణం తప్పు పట్టడానికి ఏమీ లేదు. విషయమూ ఏమీ లేదు. ఆ వేసవిలో తమ బోరు మోటారు రెండుసార్లు కాలిందనీ, రెండుసార్లూ నాన్న అప్పు చేసి వైండింగు చుట్టించాడనీ, మూడు ఫేజులలో ఒకటి పోయినప్పుడు మోటారు ఆగక మిగిలిన రెంటి మీద వేడెక్కిపోతుందని మెకానిక్కు చెబితే తెలుసుకొని, స్టార్టరు దగ్గర తాను కాపలా కూర్చున్నాననీ వ్రాస్తే, అభినివేశం అన్న మాట లేకుండానే అది కనబడుతుంది. పైగా ఆ వాక్యాలు పొట్టివి. కర్త, కర్మ, క్రియ తప్పిపోవు. ఒక పిల్ల తమ్ముడికి ఎక్కాలు నేర్పిన తీరు వ్రాసినా ఇంతే. తెలిసిన సంగతి చెప్పేటప్పుడు తప్పులు తగ్గడం అనుభవమున్న ఏ ఉపాధ్యాయుడైనా గమనించే ఉంటాడు.

పాపం, పిల్లలనే అనడం న్యాయం కాదు. పెద్ద మాటలు వాడితే పెద్ద మార్కులు వేసినవారు మనమే. 'భలే వ్రాశావురా' అన్న మెప్పు ఆడంబరానికే దక్కితే విద్యార్థి మరేది నేరుస్తాడు? ఇప్పుడు డబ్బు పుచ్చుకొని వ్యాసాలు వ్రాసిపెట్టేవారూ ఉన్నారు, అడిగిన క్షణంలో వ్రాసిచ్చే యంత్రాలూ ఉన్నాయి. ఉమ్మడి దరఖాస్తులో వ్యాసం తన సొంత రచనే అని విద్యార్థి ధ్రువీకరించవలె. కృత్రిమ మేధ వ్రాసినదానిని తనదిగా పంపడాన్ని ఆ సంస్థ మోసాలలో చేర్చింది. ఆ మాట అటుంచినా, కొనుక్కొన్న వ్యాసంలో పొరపాట్లు ఉండకపోవచ్చు గాని, ఆ మోటారు ఉండదు, ఆ తమ్ముడూ ఉండడు. ఉపాధ్యాయుడు వాక్యాలకు వాక్యాలే మార్చి వ్రాసినా జరిగేది అదే. ఎర్ర సిరాతో కొత్త వాక్యం వ్రాసేకంటె, అంచున 'ఎవరు?' 'ఎప్పుడు?' అని రెండు ప్రశ్నలు వేసి తిప్పి ఇవ్వడం మేలు. అందుకు ఓపిక ఎక్కువ కావలసిన మాట నిజమే. అరవైమంది ఉన్న తరగతిలో ఆ ఓపిక ఎక్కడిదని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

చాల కళాశాలల గడువు జనవరి మొదటి రోజులలో ముగుస్తుంది. ముందస్తు ప్రవేశాలకైతే నవంబరులోనే. వేసవి సెలవులలో విషయాన్ని ఒకసారి తెలుగులో అమ్మకో స్నేహితునికో చెప్పి, అదే వరుసలో ఇంగ్లీషులో వ్రాసి, ఉపాధ్యాయుని ఎదుట బిగ్గరగా చదివితే, ఎక్కడ ఊపిరి చాలలేదో అక్కడ వాక్యం విరగాలనీ, ఎక్కడ తనకే సిగ్గు వేసిందో అక్కడ మాట మారాలనీ విద్యార్థికే తెలుస్తుంది. దసరా నాటికి మూడవ ప్రతి సిద్ధమవుతుంది.