ఊచల వెనక కాపురం

మొన్న ఓ బంధువుల షష్టిపూర్తికి వెళ్లి బస్సులో తిరిగి వస్తూంటే మా ఆవిడ, "ఇన్నేళ్లు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటం మనుషులకే చెల్లింది" అంది. కాదని గ్వాస్, గ్వారినాల సంగతి చెప్పాను.

ఇవి రెండూ ఒరాంగుటాన్లు. మలయా భాషలో 'అడవి మనిషి' అని ఆ మాటకర్థం. ఒళ్లంతా ఎర్రటి జుట్టు, నిలబడితే చీలమండల దాకా వేళ్లాడే చేతులు. ఆజానుబాహువులంటే వీటికి చాలదు!

క్యూబా దేశపు హవానాలో రొసాలియా అబ్రూ అనే సంపన్నురాలు తన తోటలో కోతుల్నీ, చింపాంజీల్నీ పెంచేది. గ్వాస్ మగది, గ్వారినా ఆడది, అక్కడివే. 1930లో ఆమె కన్నుమూసింది. 1931లో ఈ జంట అమెరికాలో ఫిలడెల్ఫియా జంతుశాలకు చేరింది. పిల్లల్ని కన్నాయి. కడదాకా అక్కడే ఉన్నాయి.

"ఇంకేం, ఆదర్శ దాంపత్యం!" అంది మా ఆవిడ.

అక్కడే ఉంది చిక్కు. సొంత అడవుల్లో, అంటే బోర్నియో, సుమత్రా దీవుల్లో, ఇది కాపురం చేసే జాతి కాదు. మగది ఒంటరిగా తిరుగుతుంది. జతకట్టే వేళ కొన్నాళ్లు ఆడదాని వెంట ఉండి, ఆపైన తన దారిన పోతుంది. పిల్ల పెంపకంతో దానికి ప్రమేయం లేదు. ఏ చెట్టు ఎప్పుడు పండుతుందో, రాత్రికి కొమ్మలు వంచి పడక ఎలా వేసుకోవాలో నేర్పడం తల్లి వంతే. అందుకే ఏడెనిమిదేళ్లకు గాని మరో కానుపు రాదు.

ఈ ఒంటరితనం కోపతాపాల వల్ల వచ్చింది కాదు, తిండి వల్ల వచ్చింది. అంత భారీ శరీరాలు నాలుగు చేరితే ఒక్క చెట్టు పళ్లు ఏ మూలకు? సుమత్రాలో పళ్లు విరివిగా ఉన్నచోట ఇవి కలిసిమెలిసి తిరగడం చూసినవారున్నారు.

జంతుశాలలో వేళకు తిండి వస్తుంది. విడిపోవలసిన అవసరం లేదు, విడిపోదామన్నా చోటు లేదు. ఆ నలభై అయిదేళ్ల తోడులో ఇష్టం పాలెంత, ఇనుప ఊచల పాలెంత? పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో మాత్రం ఈ లెక్క ఎవరు తేల్చారు గనక? ఈ మాట పైకి అనలేదు లెండి, పక్కనే కూర్చుని ఉంది.

ఊచలుండి తోడు లేని బతుకూ ఉంది. ఒడిశాలో, నందన్‌కానన్ జంతుశాలలో బిన్నీ అనే ఆడ ఒరాంగుటాన్ ఉండేది. పూణే నుంచి తెచ్చారు. తన జాతి ముఖం చూడకుండా ఏళ్ల తరబడి గడిపి 2019లో పోయింది.

"మరి ఆ ఇద్దరూ?" అంది మా ఆవిడ. 'ఇద్దరూ' అనే అంది.

గ్వారినా 1976లో పోయింది. అరవైకి చేరువ, ఆ జాతికి పండు వయసే. 1977 ఫిబ్రవరిలో గ్వాస్.

"చూశారా!" అంది.

"దానికీ వయసు మీరిందే" అన్నాను.

"మీరూరుకోండి" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.