కథలోని పొలము ఎవరిది?

మన నాయకులు పల్లెసభలలో లెక్కలకంటె కథలనే ఎక్కువగా నమ్ముకొందురు. గింజలు కూర్చుకొన్న చీమ సుఖపడినదని, పాటలు పాడిన మిడత పస్తులున్నదని ఒకరందురు. ఒక తండ్రి బిడ్డలలో కష్టజీవి ఆసామి అయినాడని, సోమరి కూలివాడైనాడని మరొకరందురు. సేద్యపు మాట కనుక వినువారు తలలూపుదురు. కథ చెప్పుట తప్పు కాదు. అందులోని పొలము ఎవరిదని అడుగకుండుటయే తప్పు.

మన కృష్ణా డెల్టానే చూడుడు. 1855లో విజయవాడవద్ద ఆనకట్ట పూర్తియైనది. 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చినది. కాలువ నీటితో భూమి విలువ పెరిగినది. ఆ పెరుగుదల పొలమున్నవానికి దక్కినదే కాని, ఆ మడిలో నడుము వంచి నాట్లు వేసిన కూలికి దక్కలేదు. ఇందులో చీమ ఎవరు? మిడత ఎవరు?

కౌలురైతు లెక్క ఇంకను విచిత్రము. ఎకరమునకు 30 బస్తాలు పండునని, కౌలు 15 బస్తాలని అనుకొందము. తుఫాను వచ్చి 20 బస్తాలే చేతికందినవి. ఒప్పుకొన్న కౌలు తగ్గదు. రైతుకు మిగులునవి 5. పంటలో మూడవవంతు పోగా, అతని వాటాలో మూడింట రెండువంతులు పోయినవి. విత్తనము, ఎరువు, వడ్డీ ఆ 5 బస్తాలలోనే తీరవలెను. ఇది సోమరితనమా?

కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చుటకు 2011లో చట్టము వచ్చినది. 2019 నాటి చట్టము సాగుహక్కు పత్రమునకు యజమాని సమ్మతి కావలెనన్నది. భూమి చేజారునేమోయని యజమాని జంకినచో, బ్యాంకు అప్పు కౌలుదారునికి అందుట కష్టము. “దున్నబోతే దూడల్లో, మేయబోతే ఎద్దుల్లో” అని పనిదొంగను వెక్కిరించు సామెత మనకున్నది. కౌలుదారుని గతి దానికి తలక్రిందులు: దున్నునపుడు ఎద్దు, మేయునపుడు దూడ!

అట్లని భూమిగలవారందరు దోపిడిదారులను కథయు చాలదు. రెండెకరములు కౌలుకిచ్చి ఆ గింజలతో బ్రదుకు వితంతువు కూడ యజమానియే. ఆమె భయమును తీర్చని చట్టము కౌలుదారునికి కూడ మేలు చేయజాలదు.

పల్లెకథ పేదవానికి పగ కాదు. 1939 నాటి ‘రైతుబిడ్డ’ చిత్రము, 1947 నాటి ‘మాభూమి’ నాటకము భూమి ప్రశ్నను జనుల ముందుంచినవి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ప్రజల గొంతుగా మలచి, 1986లో పద్మశ్రీ అందుకొన్నారు. బుర్రకథలో కథకునికి ఇరువైపుల వంతలుందురు. ఒకరు నవ్వింతురు, ఒకరు లోకవ్యవహారమును ప్రశ్నింతురు. ఎన్నికల వేదికపై కథకుడొక్కడే. అడిగెడి వంత లేడు.

విద్యార్థులారా! ఆ వంత మీరు కావలెను. ఆసామి బిడ్డలు, కౌలురైతు బిడ్డలు, కూలి బిడ్డలు ఒకే బల్లపై కూర్చుండు చోటు కళాశాల. మన వక్తృత్వపు పోటీలలో ఈ విషయమునకు చోటు కల్పింపవలెనని కళాశాల సంఘమును కోరుచున్నాను. ఎవరు ఏ కథ చెప్పినను మూడు ప్రశ్నలడుగుడు: భూమి ఎవరిది? అప్పు ఎవరిది? వరద తీసిన తరువాత నష్టము ఎవరిది? వీనికి బదులు చెప్పగల కథయే మన ఓటునకు తగిన కథ.