షాపోడి ధమాకా కాదు, మీ అమ్మీ గజల్ పెట్టి వినండి

మొన్న ఇంట్లోకి కొత్త మ్యూజిక్ సిస్టం కొన్నాను. షాపులో వాళ్ల పెన్‌డ్రైవే పెట్టారు. ధన్ ధన్ అని గుండెల్లో మోగింది. నా కొడుకు ఎగిరి గంతేశాడు. నేనూ మాషా అల్లాహ్ అనేసి పైసలు కట్టేశాను.

ఇంటికొచ్చాక అమ్మీ బేగం అఖ్తర్ గజల్ పెట్టమంది. అబ్బా పోయాక ఆమెకు మిగిలిన షౌక్ అదొక్కటే. రెండు నిమిషాలు విని, "ఏంది బేటా, బావిలోంచి పాడినట్టుంది?" అంది. బేగం అఖ్తర్ గొంతు పైకి పోతూ పోతూ ఒకచోట సన్నగా పగులుతుంది. ఆ పగులే ఆమె దస్తఖత్. నా పెట్టె దాన్ని మింగేసింది.

తప్పు నాదే. షాపోడి పాటతో షాపోడి సామాను పరీక్షించడమంటే, పెళ్లికొడుకు ఎలాంటోడని వాళ్ల ఖాలానే అడగడం!

"సౌండంటే బాసే కదా భాయ్" అంటారు మన కుర్రాళ్లు. కాదు. మన చెవి బాగా పసిగట్టేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య. మాటలోని హల్లులు తేటగా వినపడేదీ ఎక్కువగా అక్కడే. అది చెడితే ఉర్దూలో ఖాఫ్ ఏదో కాఫ్ ఏదో తెలీదు. లఫ్జ్ తెలీని గజల్ ఏం గజల్?

అందుకే మీకు కంఠతా వచ్చిన పాటలే పట్టుకెళ్లండి. 1991లో వచ్చిన 'సజ్దా' పెట్టండి. జగ్జీత్ సింగ్ బరువు గొంతు గుమ్మనకూడదు, లతా సన్నని గొంతు చెవిలో గుచ్చకూడదు. తర్వాత నుస్రత్ ఫతే అలీ ఖాన్ 'షాహెన్-షా', 1989ది. తాళీలు, తబలా, హార్మోనియం, వెనక హమ్‌నవాల గొంతులు దేనికది విడిగా వినపడాలి. అన్నీ కలిసి ఖిచిడీ అయితే లేచి వచ్చేయండి. చివర్న మన ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా నాదస్వరం. అది ఘాటైన వాద్యం, పక్కన డోలు. చవక స్పీకర్ అక్కడే కీచుమంటుంది. పాటలు వినని ఇళ్లలో నాత్ పెట్టండి. మనిషి గొంతును మించిన ఇమ్తిహాన్ లేదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ తీసుకెళ్లొద్దు, అది ముందే అరిగిపోయి ఉంటుంది. బాస్ బూస్ట్ ఆపించండి. రెండు సిస్టంలు పోల్చేటప్పుడు వాల్యూం సమానంగా పెట్టించండి. కాస్త ఎక్కువ మోగిందే మంచిదనిపించడం చెవి చేసే ధోకా. అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఎవరు ఎక్కువ వింటారో వాళ్లను వెంట తీసుకెళ్లండి. మనం సోఫా కొనేటప్పుడు అమ్మీని అడుగుతాం, చీర కొనేటప్పుడు అడుగుతాం. సౌండ్ దగ్గరికొచ్చేసరికి "ఆమెకేం తెలుసు" అంటాం. నలభై ఏళ్లు విన్న చెవి అది. దానికి ఇన్సాఫ్ చేయకపోతే ఎన్ని వాట్లుంటే ఏం ఫాయిదా?

పెట్టెను గది మూల నుంచి ముందుకు జరిపాను, బాస్ తగ్గించాను. కొంత నయం. కానీ ఆ పగులు మాత్రం రాలేదు. అమ్మీ మళ్లీ పాత టేప్‌రికార్డరే తుడిచి పెట్టుకుంది.